ఇంటికప్పు మీంచి పిలిచే పేరు

మా అత్తగారి ముక్కు కింద దూదిపింజ పెట్టి చూసింది నేనే. కింద నుంచి పొయ్యి సెగ తగిలే వేడి నేల మీద పరుపు, పరుపు మీద ఆవిడ, చుట్టూ మేం నలుగురం ఆడవాళ్ళం. మా ఊపిరి తగిలి ఎక్కడ దూది కదులుతుందోనని బిగబట్టుకుని కూర్చున్నాం. ఎంతసేపు చూసినా అది కదల్లేదు. చిన్నమామగారి కోడలు ఏడవడానికి నోరు తెరిచింది. నేను చప్పున చెయ్యి అడ్డం పెట్టి ఆ నోరు మూశాను.

మా సొక్‌సిల్ ఊళ్ళో ప్రాణం పోగానే ఏడవకూడదు. ముందు ఒక మనిషి పోయినవాళ్ళ రవికో చొక్కానో పట్టుకుని ఇంటికప్పు ఎక్కాలి. ఉత్తరం వైపు తిరిగి, ఆ బట్ట ఊపుతూ, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి ‘తిరిగి రా’ అనాలి. అలా మూడుసార్లు. ప్రాణం గుమ్మం దాటి ఉంటుంది గానీ ఊరు దాటి ఉండదని, తన బట్ట చూసి, తన పేరు విని మనసు మార్చుకుంటుందేమోనని ఆశ. రాకపోతే ఆ బట్ట తెచ్చి శవం మీద కప్పుతారు. అప్పుడు ఎంత కావాలంటే అంత ఏడవచ్చు. ఈలోగా ఎవరైనా గొంతెత్తితే ప్రాణం దారి తప్పుతుందంటారు.

అందుకని ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవంతా గుసగుసల్లోనే మొదలైంది. ఏ పేరుతో పిలవాలి అన్నదే గొడవ. పరుపు మీద ఆవిడ ఒళ్ళు ఇంకా చల్లబడలేదు. నేను ఆవిడకు మాట ఇచ్చి ఉన్నాను. ఆ మాట నిలబెట్టడానికి నాకున్న వ్యవధి, పనివాడు పాన్‌సొక్ నిచ్చెన తెచ్చి కప్పుకు ఆనించేంత సేపు.

పేరు కోసం గొడవేమిటని ఇప్పటి పిల్లలు నవ్వుతారు. వాళ్ళకు పేర్లున్నాయి మరి. మా రోజుల్లో పెళ్ళయి వచ్చిన ఆడదాన్ని పుట్టినూరితోనే పిలిచేవారు. నేను సున్‌హుంగ్ నుంచి వచ్చాను కాబట్టి సున్‌హుంగ్ ఆవిడను. మా అత్తగారు హమ్‌చాంగ్ ఆవిడ. చచ్చాక పెద్దల గదిలో పూజకు పెట్టే చెక్కపలక మీద పుట్టింటి వంశం రాస్తారు. అక్కడితో సరి.

అత్తగారి సంగతి ఇంకా చిక్కు. ఆవిడ మా మామగారికి రెండో భార్య. మొదటి భార్యదీ హమ్‌చాంగే, అదే క్వాన్ వంశం, ఈవిడకు స్వయానా పెదనాన్న కూతురు. రెండేళ్ళ కొడుకును వదిలి ఆ అక్క విషజ్వరంతో పోతే, వియ్యం చెడకూడదని పుట్టింటివాళ్ళు పదిహేడేళ్ళ చెల్లెల్ని పంపించారు. ఊరి జనానికి కొత్త పేరు నేర్చుకునే శ్రమ కూడా తప్పింది. హమ్‌చాంగ్ ఆవిడ పోయింది, హమ్‌చాంగ్ ఆవిడ వచ్చింది. అక్క రవిక తొడిగి, అక్క వెండి పుల్ల కొప్పులో గుచ్చి, ఈవిణ్ణి పసివాడి ముందు నిలబెట్టి, ‘అదుగో, మీ అమ్మ పుట్టింటికి వెళ్ళి వచ్చేసింది’ అన్నారట. వాడు తేరిపార చూసి, నెమ్మదిగా వచ్చి ఒళ్ళో కూర్చున్నాడట. ఆ పసివాడే మా ఆయన.

“ఒళ్ళోకి వచ్చి కూర్చున్నవాడితో, నేను కాదురా నాయనా అని ఎట్లా చెప్పమంటావే అమ్మాయ్?” అనేవారు అత్తగారు. “ఆ పూట చెప్పలేదు. ఇంక ఎప్పుడూ చెప్పలేదు.”

మా ఆయనకు తొమ్మిదో ఏట పెద్దల గదిలోకి తీసుకెళ్ళి, ఒక పలక చూపించి, ఇది మీ అమ్మ, సాగిలపడు అన్నారు. ‘మరి వంటింట్లో ఉన్నదెవరు?’ అని అడిగారట ఆయన. మామగారు చెంప ఛెళ్ళుమనిపించారు. ఆయన మళ్ళీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో మగవాళ్ళకు ఇలాంటి విషయాలు మింగెయ్యడం వంశపారంపర్యంగా వచ్చిన విద్య.

మామగారు పోయాక, జపాను వాళ్ళ పాలన కొత్తగా వచ్చిన రోజుల్లో, ఏటి అవతల ఒక పూరింట్లో క్రైస్తవ సంఘం వెలిసింది. దాన్ని నడిపే ఉపదేశి పేరు పేక్. మునుపు ఊరూరా తిరిగి మందువేళ్ళు అమ్మినవాడు, మంచివాడే, కాకపోతే కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అన్నిటికీ అతిగా పోయేవాడు. అతని భార్యకు కుట్టుపని నేర్పడానికని వెళ్ళిన మా అత్తగారు, తాను అక్షరాలు నేర్చుకుని వచ్చారు. అక్షరాల వెంట సువార్త కూడా వచ్చింది. ఆవిడకు తోడుగా నేనూ వెళ్ళేదాన్ని.

మా ఆయనకు కోపం వచ్చింది గానీ ఏం చేస్తారు? పెద్దింటి వారసుడు. తల్లి మాట కాదంటే కొడుకుగా తప్పు. పెద్దల ఆచారం పోతే వంశానికి తప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆఖరికి “అమ్మ వెళ్తే వెళ్ళనీ, ఆ మతం మాత్రం ఏరు దాటి ఇటు రావడానికి వీల్లేదు” అని తీర్పు చెప్పారు. మతానికి ఈత రాదనుకున్నారేమో.

అమెరికా దొర ఒకాయన వసంతంలో ఒకసారి, కోతలయ్యాక ఒకసారి గుర్రం మీద వచ్చి బాప్తిస్మాలిచ్చేవాడు. అత్తగారి వంతు వచ్చినప్పుడు పేరడిగాడు. హమ్‌చాంగ్ ఆవిడ అన్నారు. అది ఊరి పేరు, నీ పేరు చెప్పు అన్నాడు. క్వాన్ వంశం అన్నారు. అది మీ నాన్న పేరు, నీది చెప్పు అన్నాడు. ఇంక ఆవిడ దగ్గర ఏం లేదు. పుట్టింట్లో ‘ఆఖరుది’ అనేవారట, ఇంక ఆడపిల్లలు వద్దని.

“అది పేరేమిటే, పైవాడికి పెట్టుకున్న అర్జీ గానీ” అని తరవాత నాతో అని నవ్వారు. అక్కడ మాత్రం నవ్వలేదట. యాభై నాలుగేళ్ళొచ్చి, పదిమంది ముందు నిలబడి, నాకు పేరు లేదు అని చెప్పుకోవలసి వచ్చిందట.

పేరు ఆవిడే ఎంచుకున్నారు. తబితా. యొప్పే అనే ఊళ్ళో బీద విధవరాళ్ళకు బట్టలు కుట్టిపెట్టిన ఆడమనిషి ఆవిడ. ఆమె చచ్చిపోతే, ఆ విధవరాళ్ళంతా ఆమె కుట్టిన బట్టలు చేత పట్టుకుని ఏడుస్తుంటే, పేతురు వచ్చి ఆమెను పేరు పెట్టి పిలిచి లెమ్మన్నాడని, లేచి కూర్చుందని ఉపదేశి చెప్పాడు. ఆ సాయంత్రం ఏట్లో రాళ్ళ మీద అడుగులు వేస్తూ అత్తగారు మధ్యలో ఆగిపోయారు.

“విన్నావా అమ్మాయ్? చచ్చినావిడ బట్టలు చేత్తో పట్టుకున్నారు. పేరు పెట్టి పిలిచారు. ఇది ఎవరి పద్ధతి?”

“మన పద్ధతేనండి, అత్తయ్యగారూ.”

“కాదూ మరి! పేతురు కప్పెక్కలేదు, అంతే తేడా. పాపం అక్కడ నిచ్చెన ఉందో లేదో.”

ఆ రోజు మొదలు ఆవిడ బుర్రలో ఆ రెండూ ఒకటైపోయాయి. అటు ఉపదేశి ఎంత విడదీసినా, ఇటు మా ఆయన ఎంత మూతి ముడిచినా అవి విడలేదు. సంఘంలో ఒక ఆదివారం ఉపదేశి, కప్పెక్కి ప్రాణాన్ని పిలవడం దయ్యాల పని అని ప్రసంగం చేస్తే, ఆడవాళ్ళ వైపు తెర వెనక నుంచి ఈవిడ గొంతు వినిపించింది.

“పేతురుగారు పిలిచింది కూడా చచ్చిన మనిషినే కదా, నాయనా?”

“ఆయన అపొస్తలుడు, అమ్మగారూ. ఆయన పిలిస్తే ఆమె లేచింది. మనం పిలిస్తే ఎవరు లేస్తారు?”

“లేస్తారని ఎవరన్నారు? ఇన్నేళ్ళుగా పిలుస్తున్నాం, మా ఊళ్ళో ఒక్కరూ లేవలేదు. అయినా పిలవకుండా ఎవర్నీ పంపలేదు.”

తెర ఇవతల మాకు నవ్వు ఆగలేదు. ఉపదేశి ఎర్రబడి, పాట ఎత్తుకున్నాడు.

మంచం పట్టాక నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెప్పారు.

“నేను పోయాక పైకెక్కి హమ్‌చాంగ్ ఆవిడా అని పిలిచారనుకో. ఎవరు తిరుగుతారు? మా అక్క తిరుగుతుంది. ఆ పేరు దానిది. నేను మోశాను, అంతే. దాని రవిక, దాని పుల్ల, దాని పిల్లాడు, దాని పేరు. పలక మీద కూడా అవే అక్షరాలు రాస్తారు. ఆ గదిలో రెండు పలకలు పక్కపక్కన నిలబడి ఉంటే, ఏది నేనో నాకే తెలియదు. చచ్చాకైనా నన్ను నన్నుగా పిలవమను.”

“ఏమని పిలవమంటారు?”

“నీకు తెలుసుగా.”

“తిరిగి రమ్మంటే వస్తారా మరి?” అని అడిగాను, ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“నేనెందుకొస్తానే, నీ వంట తినడానికా?” అన్నారు. కాసేపు ఆయాసపడి, మళ్ళీ అన్నారు. “కింద నుంచి మీరు తిరిగి రా అంటారు. పై నుంచి ఆయనా తిరిగి రా అంటాడు. రెండూ ఒకే మాట. ఎవరి మాట వినాలో నేను చూసుకుంటాను. పేరు మాత్రం సరిగ్గా ఉండాలి. లేకపోతే రెండు పిలుపులూ నాకు కావు.”

ఇంతకు మించిన వేదాంతం నేను తరవాత ఏ పాస్టరు నోటా వినలేదు. కానీ ఆ మాట ఎవరికి చెప్పినా పనికిరాలేదు. కొడుకును పిలిపించి అడిగారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అంతా విని, లేచి, తల వంచి నమస్కరించి, బయటికి వెళ్ళిపోయారు. ఉపదేశికి కబురంపి అడిగారు. అతను, కప్పెక్కి పిలిస్తే ఆ ఇంట్లో మేం ప్రార్థన చెయ్యం, సమాధి దగ్గరికీ రాం అని చెప్పి పంపాడు. ఇటు వంశం, అటు సంఘం, తన పని రెంటికీ చెడ్డ రేవడి అవుతుందని ఆవిడకు తెలుసు. అందుకే ఎండిపోయిన ఆ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. పిలిపిస్తానని నేను మాట ఇచ్చాను.

దూది కదలకపోయాక, నేను ఆవిడ తెల్ల నూలు రవిక మడత విప్పి వరండాలోకి వచ్చాను. మధ్యాహ్నం కావస్తోంది. పెంకుల మీద రాత్రి పడ్డ మంచు ఎండవైపు కరిగి, ఉత్తరం వైపు ఇంకా తెల్లగానే ఉంది. వాకిట్లో మగవాళ్ళంతా చేరారు. మధ్యలో చిన్నమామగారు, గుర్రపువెంట్రుకల టోపీ, గడ్డం, చేతికర్ర. ఆయన మా మామగారి తమ్ముడు, వంశంలో బతికున్నవాళ్ళందరిలో పెద్ద. మా ఆయన ఒక స్తంభం పక్కన నిలబడి నేల చూస్తున్నారు. వీధి గుమ్మం బయట ఉపదేశి పేక్, అతని వెనక సంఘం ఆడవాళ్ళు ఐదారుగురు. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు.

పాన్‌సొక్ నా చేతిలోంచి రవిక తీసుకుని నిచ్చెన ఎక్కాడు. ముసలి ప్రాణం, గడ్డిచెప్పులు, కింద తడి పెంకులు. చూరు మీంచి మెల్లగా పాకి నడిమి వెన్ను మీద నిలబడ్డాడు. ఎడమచేత్తో రవిక మెడ, కుడిచేత్తో అంచు పట్టుకున్నాడు. అందరూ తలెత్తారు.

“ఊఁ, పిలవరా” అన్నారు చిన్నమామగారు. “హమ్‌చాంగ్ ఆవిడా అని గట్టిగా పిలువు.”

“ఆ పేరుతో వద్దు, పాన్‌సొక్” అన్నాను.

వాకిలంతా నా వైపు తిరిగింది. ఆడది, పైగా కోడలు, పెద్దల మధ్య నోరు విప్పడం ఆ ఇంట్లో అదే మొదలు. అయినా అన్నాను, “ఆవిడకు వేరే పేరుంది. ఆ పేరుతోనే పిలవమని నాతో చెప్పి పోయారు.”

“ఆ దొర పెట్టిన పేరా?” చిన్నమామగారు కర్ర నేలకు తాటించారు. “నామ్ వంశం పెద్దింటి కప్పు మీంచి ఊరంతా వినేలా ఆ కూత కూయిస్తావా? పదిహేను తరాల వాళ్ళు పెద్దల గదిలో చెవులు మూసుకోవాలా? పాన్‌సొక్, నేను చెప్పింది పిలువు.”

“అయ్యా” అని గుమ్మం బయట నుంచి ఉపదేశి గొంతు వినిపించింది. “ఏ పేరుతోనూ వద్దు. ఆ మనిషిని దింపండి. ఆవిడ మా సంఘపు బిడ్డ. ఆవిడ ఆత్మ దేవుని దగ్గరికి చేరిపోయింది. ఇంటికప్పు చుట్టూ తిరగడం లేదు.”

“మందువేళ్ళు అమ్ముకునేవాడివి, ఆత్మల లెక్క నీకెందుకోయ్?”

“అందుకే లోపలికి రాలేదండి. కానీ నోరు మూసుకుని ఉంటే నాకు పాపం.”

“ఉపదేశిగారూ” అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “మీరు చెప్పిన కథలోదే ఆ పేరు. బట్టలు పట్టుకున్నారు, పేరు పెట్టి పిలిచారు అని మీరే చెప్పారు. ఇప్పుడు అదే పేరు పిలుస్తామంటే దయ్యమంటారేం?”

పైనుంచి పాన్‌సొక్ కేక వేశాడు.

“ఏమని పిలవమంటారో తేల్చండి బాబయ్యా, కాళ్ళు జారిపోతున్నాయి. నేనూ పడి చస్తే నన్ను పిలవడానికి ఇంకొకణ్ణి ఎక్కించాలి.”

గదిలోంచి ఎవరిదో ఏడుపు దిగమింగిన చప్పుడు వచ్చింది. ఆలస్యమైనకొద్దీ నాకు ఒకటే భయం. ప్రాణం ఎంతసేపు ఆగుతుంది? ఏటి దాకా పోయి ఉంటుందా? రాళ్ళ మీద మధ్యలో నిలబడి వింటోందా?

ఇక మిగిలింది మా ఆయన. ఆయన ఊఁ అంటే చిన్నమామగారు కూడా ఆపలేరు, పెద్దింటి వారసుడి మాట అది. స్తంభం దగ్గరికి వెళ్ళాను.

“మీరు చెప్పండి.”

ఆయన నేల చూస్తూనే ఉన్నారు. “అమ్మ పేరు ఈ ఇంట్లో ఎప్పుడూ ఒకటే.”

“ఆ పేరు ఆవిడది కాదని మీకు తెలుసు.”

“తెలుసు” అన్నారు. ఇంత చిన్నగా ఆయన మాట్లాడ్డం నేనెన్నడూ వినలేదు. “నాకు రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది. మళ్ళీ వచ్చింది. అదే రవిక, అదే పేరు. పేరు ఒకటే కాబట్టి మనిషీ ఒక్కరే అని నేను అనుకున్నాను. తొమ్మిదేళ్ళప్పుడు తెలిసింది. తెలిశాక కూడా అలాగే అనుకున్నాను. ఇప్పుడు నువ్వు ఇంకో పేరుతో పిలిపిస్తే, వాళ్ళు ఇద్దరైపోతారు. నన్ను కన్నది అప్పుడే చచ్చిపోయినట్టు. నన్ను పెంచింది నా తల్లి కానట్టు. ఒకే రోజు ఇద్దర్నీ పోగొట్టుకోమంటావా?”

నాకు జాలి వేసి ఉండవలసింది. వేసింది కూడా, కానీ తరవాత. ఆ క్షణాన మాత్రం ఒళ్ళు మండిపోయింది.

“మీకు తల్లి పోలేదని నమ్మించడానికి ఆవిడ నలభై ఏళ్ళు చచ్చిన మనిషిలా బతికింది. ఇప్పుడు నిజంగానే చచ్చిపోయింది. చావైనా ఆవిడది ఆవిడకు ఇవ్వరా?”

ఆయన తలెత్తి నన్ను చూశారు. కొడతారనుకున్నాను. వాళ్ళ నాన్న కొట్టినట్టే. వాకిట్లో అందరూ అదే అనుకున్నారని తరవాత పాన్‌సొక్ చెప్పాడు.

ఆయన టోపీ తీసి నా చేతిలో పెట్టారు. నిచ్చెన దగ్గరికి నడిచారు.

“కొడుకు ఎక్కకూడదు” అన్నారు చిన్నమామగారు. “ఒరేయ్, కర్త కప్పెక్కడం ఏ శాస్త్రంలోనూ లేదు. ఎక్కావంటే నేను ఈ వాకిట్లో నిలబడను.”

“పాన్‌సొక్, దిగు” అన్నారు మా ఆయన.

ఆయన ఎప్పుడూ ఏ చెట్టూ ఎక్కిన మనిషి కాదు, పుస్తకాల మనిషి. రెండుచోట్ల పెంకు జారింది, ఒకటి వచ్చి నా కాళ్ళ ముందు పడి పగిలింది. వెన్ను మీద నిలబడి పాన్‌సొక్ చేతిలోంచి రవిక అందుకున్నారు. ఎడమచేత మెడ, కుడిచేత అంచు. ఉత్తరానికి తిరిగారు. ఆ మతం ఏరు దాటి ఇటు రాకూడదని తీర్పు చెప్పిన మనిషి ఆయనే. నోరు తిరగడం లేదేమో, అందించాలేమో అనుకున్నాను.

“తబితా” అన్నారు.

మెల్లగా, పరాయి ఊళ్ళో దారి అడిగేవాడిలా అన్నారు. తరవాత గొంతు పెగిలింది. “తబితా, తిరిగి రా.” మూడోసారి అన్నప్పుడు ఏటి అవతలి గుడిసెల వాళ్ళు కూడా విన్నారు. రవిక గాలికి టపటపా కొట్టుకుంది. గుమ్మం బయట సంఘం ఆడవాళ్ళు తలలు వంచారు. ఉపదేశి వంచలేదు. ముఖం అటు తిప్పుకున్నాడు, పెదవులు మాత్రం కదిలాయి. ప్రార్థించాడో తిట్టుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

దీనికి మేం చెల్లించవలసింది చెల్లించుకున్నాం. వసంతంలో వచ్చిన దొర విషయం విని నాకు ఇస్తానన్న బాప్తిస్మం ఏడాది పాటు ఆపేశాడు. వంశంలో సగం ఇళ్ళవాళ్ళు పాడె మొయ్యడానికి రాలేదు. సంఘంవాళ్ళూ రాలేదు. నలుగురు కూలివాళ్ళను పెట్టి మోయించుకున్నాం. దానికి నేను ఏనాడూ బాధపడలేదు.

కానీ అవన్నీ తరవాతి మాటలు. ఆ మధ్యాహ్నం పిలుపు అయిపోయినా మా ఆయన ఇంకా కప్పు దిగలేదు. దిగి రవిక కప్పితే గానీ మేం ఏడవడానికి లేదు. లోపల ఆడవాళ్ళు రవిక చేతులు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. ఆయన అటు నుంచి ఇటు తిరిగి, రవిక గుండెకు పట్టుకుని కిందికి చూశారు. చిన్నమామగారు అప్పటికి గుమ్మం దాకా వెళ్ళారు.

“చిన్నాన్నగారూ” అని పిలిచారు. “ఒక్కమాట.”

చిన్నమామగారు ఆగారు.

“నన్ను కన్న అమ్మ. ఆవిడ పోయినప్పుడు మీరు ఈ ఇంట్లోనే ఉన్నారు కదా. కప్పెక్కి ఏమని పిలిచారు?”

“హమ్‌చాంగ్...” అని మొదలుపెట్టి చిన్నమామగారు అక్కడే ఆపేశారు.

“అది కాదు. ఆవిడ పేరు.”

చిన్నమామగారు పాన్‌సొక్‌ను చూశారు. పాన్‌సొక్ తల అడ్డంగా ఊపాడు. వాకిట్లో ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గదిలోకి తొంగిచూసి అక్కడున్న ఆడవాళ్ళను నేనూ అడిగాను. ఎవరికీ తెలియదు. హమ్‌చాంగ్‌లో వాళ్ళ పుట్టింటివాళ్ళు ఎప్పుడో చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు.

అక్కాచెల్లెళ్ళు ఒకే వాకిట్లో ఆడుకుని పెరిగారు. చిన్నప్పుడు ఆ అక్కను ఏమని పిలిచేవారో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే ఉండేది. నలభై ఏళ్ళు మా వంటింట్లోనే ఉంది. అడిగితే చెప్పేది.

“దిగి రండి” అన్నాను నేను.

ఆయన దిగి వచ్చి, రవిక మా అత్తగారి మీద కప్పి, అందరికంటే ముందు ఏడ్చారు.